‘కథనం పరుగులు పెట్టింది’: ఓటీటీ రివ్యూలు రాస్తూ నేను పడ్డ తిప్పలు

‘ఎనిమిది ఎపిసోడ్లున్నా ఎక్కడా ఆగకుండా కథనం పరుగులు పెట్టింది.’ ఒక క్రైమ్ సిరీస్ గురించి నేను రాసిన వాక్యం ఇది. రివ్యూ వచ్చిన మూడో రోజు అక్క ఫోన్ చేసింది.

“ఏరా, పరుగులు పెట్టిందన్నావు కదా. మొదటి ఎపిసోడ్ పూర్తి చెయ్యడానికే నాకు రెండు రాత్రులు పట్టింది. ఆ పరుగు ఎన్నో ఎపిసోడ్‌లో ఉందో చెప్తే అక్కడి నుంచే చూస్తా.”

ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. ఆ సిరీస్ మొత్తం నేను 1.25 వేగంతో చూశాను. తెల్లారేసరికి రివ్యూ ఇవ్వాలి, అప్పటికే రాత్రి తొమ్మిదయింది, ఎపిసోడ్లు ఎనిమిది, ఒక్కోటి యాభై నిమిషాలు. 400 నిమిషాలు 320 అవుతాయి, గంటా ఇరవై నిమిషాల నిద్ర మిగులుతుంది అని లెక్క వేసుకున్నాను. లెక్క సరిగ్గానే వేశాను. కథనాన్ని పరుగులు పెట్టించింది నేనేనన్న సంగతి మాత్రం రాసేటప్పుడు తట్టలేదు.

నెట్‌ఫ్లిక్స్ 2019లో ఈ వేగం మార్చే సదుపాయాన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో పరీక్షిస్తుంటే జడ్ అపటో, బ్రాడ్ బర్డ్ లాంటి హాలీవుడ్ దర్శకులు గొడవ చేశారు. అయినా 2020లో అది వచ్చేసింది, 0.5 నుంచి 1.5 దాకా. ఆ గొడవ గురించి చదివినప్పుడు నాకు చాదస్తంగా అనిపించింది. మాటలన్నీ అర్థమవుతున్నప్పుడు పోయేదేముంది అనుకున్నాను.

అక్క ఫోన్ తర్వాత నాలుగో ఎపిసోడ్‌లోని విచారణ సీన్ మామూలు వేగంతో పెట్టి చూశాను. ఇన్‌స్పెక్టర్ ఫైలు మూస్తాడు, పెన్నుకు క్యాప్ పెడతాడు, ఎదురుగా కూర్చున్న కుర్రాడి వైపు చూస్తాడు, ఆ తర్వాత ప్రశ్న అడుగుతాడు. నేను చూసిన రాత్రి ఇదంతా చకచకా జరిగిపోయింది. తెలివైనవాడు, ఎదుటివాణ్ని ఇరికించడానికి సిద్ధమవుతున్నాడు అనిపించింది. రివ్యూలో కూడా ‘చురుకైన పోలీసు అధికారిగా’ అని రాశాను. మామూలు వేగంలో ఆయన చాలా అలసిపోయినవాడు. పెన్ను క్యాప్ పెట్టడానికి అంతసేపు తీసుకుంటున్నాడంటే, తర్వాతి ప్రశ్న అడగడం ఆయనకు ఇష్టం లేదు. జవాబు ఏమొస్తుందో ఆయనకు తెలుసు. నటుడు అంత కష్టపడి పెట్టుకున్న ఆ నాలుగు సెకన్లలో దాదాపు ఒక సెకను నేను నిద్ర కోసం కోసేశాను. పాత్రే మారిపోయింది.

సిరీస్ మాత్రం నిజంగానే కొంచెం నెమ్మదిగా ఉంది. అక్క అన్నదీ నిజమే.

నాలుగేళ్లుగా ఓటీటీలో వచ్చే సినిమాలకూ సిరీస్‌లకూ రివ్యూలు రాస్తున్నాను. ఇదే నా ఉద్యోగం కాదు. పగలు వేరే పని, రాత్రుళ్లు ఇది. మొదలైంది అనుకోకుండానే. ఒక సినిమా చూసి ఒళ్లు మండి స్నేహితులకు పొడుగాటి మెసేజ్ పెట్టాను. వాళ్లలో ఒకతను ఒక పత్రిక ఆన్‌లైన్ విభాగంలో పనిచేస్తాడు. “ఇదే తిట్లు తీసేసి పంపు, వేస్తాం” అన్నాడు. తిట్లు తీసేస్తే మూడు వాక్యాలు మిగిలాయి. మిగతా అయిదొందల పదాలూ అప్పటికప్పుడు పుట్టించినవే.

పుట్టించడం పెద్ద కష్టం కాదు. రివ్యూకు ఒక అచ్చు ఉంది. కథేంటంటే, ఎలా ఉందంటే, ఎవరెలా చేశారంటే, చివరగా ఒక్క ముక్క. అందులో ఏది పోసినా రివ్యూ అయి బయటికొస్తుంది. ‘నటీనటులు తమ పాత్రల పరిధి మేరకు నటించారు.’ ‘ఎడిటర్ కత్తెరకు ఇంకాస్త పదును పెట్టాల్సింది.’ ‘నిర్మాణ విలువలు ఉన్నతంగా ఉన్నాయి.’ మొదటి ఏడాదంతా ఈ మూడూ లేకుండా నేను పంపిన రివ్యూ ఒక్కటి కూడా ఉండదేమో. ఒకరోజు మా ఎడిటర్ గారు ఫోన్ చేసి, “ఆ పరిధి ఎంతుంటుందండీ? చదరపు గజాల్లో చెప్పండి, వేసేస్తాను” అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ రోజు నుంచి ఆ మాట రాయలేదు.

‘సాగదీత’ అన్న మాటను మాత్రం వదులుకోలేకపోయాను. ఇప్పటికీ వాడతాను. కాకపోతే వాడేముందు ఎన్నో ఎపిసోడ్‌లో, ఎన్నో నిమిషం నుంచి సాగిందో చెప్పగలనా అని చూసుకుంటాను. చెప్పలేకపోతే కొట్టేస్తాను.

థియేటర్‌లో చూసి రాసేవాళ్లకు ఒక వీలు ఉంది. ఆ షోలో ఉన్న అందరూ ఒకే చీకట్లో, ఒకే తెర మీద, ఒకే సౌండ్‌తో చూస్తారు. ఓటీటీలో అదేం కుదరదు. నేను టీవీలో చూస్తాను. చదివేవాళ్లలో ఒకరు బస్సులో ఫోన్ పట్టుకుని చూస్తారు, ఇంకొకరు ల్యాప్‌టాప్‌లో ఒక పక్క సిరీస్, ఇంకో పక్క ఆఫీసు పని పెట్టుకుంటారు. పోనీ నేను చూసే తీరైనా సరిగ్గా ఉందా అంటే, లేదని తెలుసుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

అదెలా తెలిసిందంటే, పాతకాలపు కథతో వచ్చిన ఒక సినిమా గురించి ‘కెమెరా పనితనం టీవీ సీరియల్ స్థాయిలో ఉంది’ అని రాశాను. చదివిన ఒకాయన నాకు మెసేజ్ పెట్టాడు. ‘మీ టీవీలో మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉందేమో ఒకసారి చూసుకోండి’ అని, అంతే. నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను సినిమా గురించి రాస్తే ఈయన టీవీ రిపేరు గురించి చెప్తాడేంటి అనుకున్నాను. అయినా ఆ రాత్రి ఎవరూ చూడకుండా సెట్టింగ్స్‌లోకి వెళ్లాను. కొన్న రోజు నుంచీ ఆన్‌లోనే ఉంది.

సినిమాలను మామూలుగా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. టీవీ తెర సెకనుకు 60 సార్లో 120 సార్లో మారుతుంది. మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉంటే, ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య టీవీ తనంతట తానే కొన్ని ఫ్రేములు ఊహించి కలుపుతుంది. ఆటల ప్రసారంలో బంతి స్పష్టంగా కనిపించడానికి ఇది బాగుంటుంది. సినిమాకు వచ్చేసరికి మనుషులు నూనె రాసిన నేల మీద జారుతున్నట్టు కదులుతారు, సెట్టు సెట్టులాగే కనిపిస్తుంది. దీన్నే సోప్ ఒపేరా ఎఫెక్ట్ అంటారు. నేను వాడిన సీరియల్ పోలిక సరైనదే, తగలాల్సిన చోట తగల్లేదు, అంతే. 2018 డిసెంబర్‌లో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి ఇది ఆపేసి సినిమా చూడండని ఒక వీడియో కూడా పెట్టారు. మరుసటేడు టీవీ కంపెనీలూ సినిమా స్టూడియోలూ సభ్యులుగా ఉన్న యూహెచ్‌డీ అలయన్స్ ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ అని ఒకటి ప్రకటించింది. అది పెడితే ఇలాంటి సొంత తెలివితేటలన్నీ టీవీ కట్టిపెడుతుంది. అది లేని టీవీల్లో మనమే వెతుక్కోవాలి, ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టి ఒక్కో మూల దాస్తుంది.

ఆపేసి అదే సినిమా మళ్లీ పెట్టాను. ఒక ముసలాయన లాంతరు పట్టుకుని పొడవాటి వరండాలో నడిచే షాట్ ఉంది. మొదటిసారి చూసినప్పుడు లాంతరు గాల్లో ఈదుతున్నట్టుంది, గోడ మీద నీడ దానికి సంబంధం లేకుండా పాకుతోంది. ఇప్పుడు ఆయన వేసే ఒక్కో అడుగుకూ వెలుగు చిన్నగా ఉలిక్కిపడుతోంది. కెమెరామన్ ఆ ఒక్క లాంతరునే నమ్ముకుని ఆ సీనంతా తీశాడు. నేను ఆయన్ని సీరియల్ తీశావన్నాను.

ఎడిటర్ గారికి చెప్తే, “దిద్దుబాటు వేద్దాం. ‘మా సమీక్షకుడి టీవీ కారణంగా’ అని రాయమంటారా?” అన్నారు. చివరికి ఆ వాక్యం తీసేసి, కింద రెండు లైన్ల వివరణ పెట్టాం. మెసేజ్ పెట్టినాయనకు థాంక్స్ చెప్పాను. ఆయన బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాడు.

చీకటి సీన్ల దగ్గర కూడా ఇదే తంటా. 2019లో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ఆఖరి సీజన్ మూడో ఎపిసోడ్ వచ్చినప్పుడు ఏమీ కనపడట్లేదని చూసినవాళ్లంతా గోల పెట్టారు. దాని కెమెరామన్ ఫేబియన్ వాగ్నర్, జనానికి టీవీ సెట్టింగులు సరిగ్గా పెట్టుకోవడం రాకపోవడం, ప్రసారంలో జరిగే కంప్రెషన్ దీనికి కారణాలని జవాబిచ్చాడు. నా మటుకు నాకు ఆయన చెప్పింది సగమే నిజం. నెట్ ద్వారా పంపేటప్పుడు వీడియోను కుదిస్తారు, ఆ కుదింపులో ముందుగా దెబ్బతినేవి నల్లటి, ముదురు రంగుల భాగాలు, నున్నగా ఉండాల్సిన చీకటి గళ్లుగళ్లుగా విడిపోతుంది. అది ఆయన చేతిలో లేదు, ఒప్పుకుంటాను. కానీ ఇళ్లలో చూడటానికే తీస్తున్నప్పుడు ఇళ్లు ఎలా ఉంటాయో కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా. అందుకే ఇప్పుడు చీకటి మరీ ఎక్కువైందనిపిస్తే లైట్లన్నీ ఆర్పి ఒకసారి, ల్యాప్‌టాప్‌లో ఒకసారి చూస్తాను. రెండు చోట్లా కనపడకపోతేనే రాస్తాను.

‘మాటలు వినపడవు, మ్యూజిక్ మాత్రం అదరగొడుతుంది’ అన్న ఫిర్యాదుకూ కొంత ఇదే కథ. అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ కోసం చేసే 5.1 సౌండ్‌లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కు వెళ్లేలా కలుపుతారు. టీవీకి ఉండేవి రెండే చిన్న స్పీకర్లయితే అన్నీ వాటిలోకే దూరాలి. స్టీరియో ఆడియో ట్రాక్ ఇస్తే అది ఎంచుకుంటే చాలాసార్లు సరిపోతుంది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాను.

ఇవన్నీ యంత్రాలతో వచ్చిన తప్పులు కాబట్టి చెప్పుకోవడానికి పెద్ద సిగ్గేమీ లేదు. డబ్బింగ్ విషయంలో జరిగింది వేరు.

తండ్రీకూతుళ్ల కథ ఒకటి వచ్చింది. నాకు రాని భాష. తెలుగు డబ్బింగ్ ఉంది కదా అని అందులోనే చూశాను. సినిమా చివర్లో కూతురు సూట్‌కేసు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది. తండ్రి కిటికీ వైపు తిరిగి ఉంటాడు, మనకు వీపు మాత్రమే కనిపిస్తుంది. “వెళ్లమ్మా. నేనెక్కడికి పోతాను, ఇక్కడే ఉంటాగా” అంటాడు. ఆ ‘ఉంటాగా’ దగ్గర గొంతు కొంచెం జీరపోతుంది. నాకు కళ్లు చెమర్చాయి. రివ్యూలో ఒక పేరా మొత్తం ఆ మాటకే ఇచ్చాను. వీపు మాత్రమే చూపిస్తూ, గొంతుతోనే తండ్రి ఒంటరితనాన్నంతా పలికించిన ఆ నటుడి గురించి, ఆయనకు రావలసిన అవార్డుల గురించి కూడా రాశాను.

ఆయన ఆ మాట అననే లేదు.

ఈసారి చెప్పింది పాఠకుడు కాదు, ఎడిటర్ గారే. ఆవిడ ఆ సినిమాను అసలు భాషలో, సబ్‌టైటిల్స్‌తో చూశారు. రివ్యూ అచ్చుకు వెళ్లేముందు ఫోన్ చేసి, “ఆ గుమ్మం సీన్‌లో మీరు రాసిన డైలాగ్ నాకు వినపడలేదేంటండీ?” అన్నారు. నేను డబ్బింగ్‌లో చూశానని చెప్పాను. కాసేపు అటు నుంచి మాట లేదు. “ఒరిజినల్‌లో ఒక్కసారి చూడండి” అన్నారు.

చూశాను. తండ్రి అదే కిటికీ దగ్గర, అదే వీపు. “వెళ్లు” అని ఒకే ఒక్క మాట, అది కూడా ఏ భావమూ లేకుండా, తలుపు తీసే ఉంది కదా అన్నట్టు. జీర లేదు, వణుకు లేదు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు, కూతురు చెప్పుల చప్పుడు తప్ప. డబ్బింగ్‌లో ఆ ఖాళీలోనే రెండో వాక్యం పెట్టారు. ముఖం కనపడదు కాబట్టి పెదాలు కలవాల్సిన పని లేదు, ఎంత పొడుగు మాటైనా పడుతుంది. ముఖం కనిపించే చోట పెదాల కదలికకు కొలిచి రాయాల్సిన డబ్బింగ్ రచయితకు వీపు దొరకడం ఎంత అదృష్టమో అప్పుడు తెలిసింది.

రెండింటిలో ఏది బాగుందంటే, సినిమాగా అసలుదే బాగుంది. ఆ తండ్రి అలాంటివాడే, మొదటి గంటంతా అతను ఒక్క మెత్తటి మాట మాట్లాడడు. చివర్లో ‘అమ్మా’ అనడమే పాత్రకు అడ్డం. కానీ నన్ను ఏడిపించింది మాత్రం డబ్బింగ్. ఆ గొంతు ఎవరిదో చూద్దామని ఈసారి క్రెడిట్స్ చివరిదాకా ఉంచాను. నేనెప్పుడూ అంతదూరం వెళ్లలేదు. సినిమా అవగానే క్రెడిట్స్ ఒక మూలకు ముడుచుకుపోతాయి, పక్కనే ఇంకో సినిమా ట్రైలర్ మొదలైపోతుంది, మన చెయ్యి రిమోట్ మీదికి వెళ్లిపోతుంది. ఆ చిన్న బొమ్మను నొక్కి మళ్లీ పెద్దది చేసి కూర్చుంటే, అసలు సినిమా క్రెడిట్స్ అన్నీ అయిపోయాక, నల్లటి తెర మీద డబ్బింగ్ కళాకారుల పేర్లు వచ్చాయి. తండ్రి పాత్రకు గొంతిచ్చినాయన పేరు రెండోది. పట్టుమని అయిదు సెకన్లు కూడా ఉండలేదు.

ఆ పేరా మొత్తం తిరగరాశాను. నటుడి గురించి ఒక మాట, డబ్బింగ్ గురించి వేరేగా ఒక మాట, పేరుతో సహా. అప్పటి నుంచి డబ్బింగ్‌లో చూస్తే రివ్యూలో ఆ ముక్క చెప్తాను. నటుడి గురించి రాయాల్సి వస్తే కనీసం రెండు మూడు ముఖ్యమైన సీన్లు అసలు ఆడియోతో చూస్తాను.

సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే అంతా సరిపోయినట్టే అనుకోవద్దు. చదవడానికి టైమ్ చాలదని అక్కడ మాటలు కుదిస్తారు. నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ నిబంధనల ప్రకారం ఒక వరుసకు 42 అక్షరాలే, వరుసలు రెండుకు మించకూడదు. ఇద్దరు ఒకేసారి అరుచుకుంటుంటే అందులో ఎంత పడుతుంది? ‘డైలాగులు పొడిపొడిగా ఉన్నాయి’ అని రాయబోయి చాలాసార్లు చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

విడుదలకు ముందే రివ్యూ కోసం పంపే లింకును స్క్రీనర్ అంటారు. అది రావడం మొదలైన కొత్తలో నాకు నేల మీద కాళ్లు నిలవలేదు. తీరా తెరిస్తే తెర మధ్యలో నా మెయిల్ ఐడీ వాటర్‌మార్క్‌గా తేలుతూ ఉంటుంది, ఎక్కడైనా లీకైతే ఎవరి దగ్గర్నుంచి పోయిందో తెలియడానికి. హీరోయిన్ ఏడుస్తుంటే ఆమె చెంప మీద నా పేరు. కొన్నిసార్లు గ్రాఫిక్స్ పూర్తి కాకుండానే పంపుతారు. ఫలానా రోజు ఫలానా గంట దాకా ఏమీ రాయకూడదని ఎంబార్గో పెడతారు. అదంతా ఫర్వాలేదు. నాకు మింగుడుపడనిది సగం సిరీస్ పంపడం. ఎనిమిదిలో నాలుగు ఇచ్చి రివ్యూ రాయమంటారు. ఒకసారి అలాగే నాలుగు చూసి ‘విలన్ పాత్ర తేలిపోయింది’ అని రాశాను. అయిదో ఎపిసోడ్‌లో అతను విలనే కాదని తేలింది. అతను తేలిపోయినట్టు కనిపించాలనే అలా రాసుకున్నారు పాపం. ఇప్పుడు సగమే చూస్తే ఆ మాట మొదటి పేరాలోనే చెప్పేస్తాను, రేటింగ్ ఇవ్వను.

మొత్తం ఒకేసారి వచ్చినా కష్టమే. 2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ మొదటి సీజన్ 13 ఎపిసోడ్లనూ ఒకే రోజు వదిలింది. ఆ పద్ధతి అలవాటయ్యాక చూసేవాళ్లు శని, ఆదివారాల్లో పూర్తి చేసేస్తారు, రాసేవాడు శుక్రవారం రాత్రికే చెయ్యాలి. వరసగా ఆరు గంటలు చూస్తే మూడో ఎపిసోడ్‌లో ఏం జరిగిందో, నాలుగులో ఏం జరిగిందో కలిసిపోతాయి. అందుకే ప్రతి ఎపిసోడ్ తర్వాత పది నిమిషాలు ఆపి, ఏం గుర్తుందో రాస్తాను. చూస్తూ రాసుకోవడం మొదట్లో చేసేవాణ్ని, అదీ చీకట్లో, కాగితం వైపు చూడకుండా. ఒక పాత నోట్‌బుక్‌లో ‘తలుపు, 2వసారి, కావాలనే!!’ అని ఉంది. ఏ తలుపో, ఎవరు కావాలని ఏం చేశారో ఆ భగవంతుడికే తెలియాలి. ఇప్పుడు ఎపిసోడ్ నంబరు, నిమిషం మాత్రం వేసుకుంటాను, ‘4/31’ అని. మళ్లీ వెళ్లి చూసుకోవచ్చు కదా, ఓటీటీలో ఉన్న గొప్ప సుఖం అదే. న్యూయార్కర్‌లో రాసిన ప్రసిద్ధ విమర్శకురాలు పాలీన్ కేల్ ఏ సినిమానైనా ఒక్కసారే చూస్తానని చెప్పుకునేవారు. అంత ధైర్యం నాకు లేదు, నా జ్ఞాపకం మీద నాకు అంత నమ్మకమూ లేదు.

రేటింగ్ గురించి ఎక్కువ చెప్పను, నాకు అదంటే పడదు. అయిదుకు రెండుముప్పావు అంటే ఏంటో ఇచ్చే నాకే తెలీదు. నెట్‌ఫ్లిక్స్ 2017లో నక్షత్రాలు తీసేసి బొటనవేళ్లు పెట్టినప్పుడు వాళ్లను చూసి అసూయపడ్డాను. విమర్శకుల రివ్యూలను లెక్కగట్టే రాటెన్ టొమేటోస్ వెబ్‌సైట్‌లో 90 శాతం అని చూసి జనం నూటికి తొంభై మార్కులు అనుకుంటారు. నూరుగురిలో తొంభై మంది బాగుందన్నారని దాని అర్థం, ఆ తొంభై మందీ ‘ఏదో, ఒకసారి చూడొచ్చు’ అన్నా అంతే వస్తుంది. ‘టాప్ 10లో మొదటి స్థానంలో ఉంటే నువ్వు రెండున్నర ఇస్తావా’ అని తిట్టేవాళ్లకు కూడా ఒక మాట. నెట్‌ఫ్లిక్స్ 2023 నుంచి మొత్తం చూసిన గంటలను నిడివితో భాగించి వ్యూస్ లెక్క వేస్తోంది. నలుగురు పావు వంతు చొప్పున చూసి ఆపేసినా అది ఒక వ్యూ కిందికే వస్తుంది. ఎంతమంది నచ్చి చూశారన్నది అందులో ఉండదు. అలాగని నా రెండున్నర సరైనదేనని కాదు.

మొన్న బుధవారం ఆరు ఎపిసోడ్ల సిరీస్ ఒకటి చూస్తున్నాను. రోజంతా ఆఫీసులో మీటింగులు, ఒంట్లో కొంచెం జ్వరం. అయిదో ఎపిసోడ్ దాకా బాగానే ఉంది. కళ్లు తెరిచేసరికి ఆరో ఎపిసోడ్ క్రెడిట్స్ నడుస్తున్నాయి, ఎవరో ఎవరినో క్షమించినట్టున్నారు, వెనక మెల్లగా వయొలిన్. నోట్‌బుక్‌లో చివరి గుర్తు ‘6/9’. అంతకుముందైతే ‘క్లైమాక్స్ నిద్రపుచ్చింది’ అన్న వాక్యం నా చేతికి దానంతటదే వచ్చేసేది. చదవడానికి కూడా బాగుంటుంది.

ఎడిటర్ గారికి మెసేజ్ పెట్టాను, రివ్యూకు ఇంకొక్క రోజు కావాలని, ఆరో ఎపిసోడ్‌లో నిద్రపోయానని.

‘అంత బోరుగా ఉందా?’ అని వెంటనే జవాబొచ్చింది.

‘ఇంకా తెలీదండీ’ అని పెట్టి, తొమ్మిదో నిమిషానికి వెనక్కి జరిపి, టీవీ ఆపేసి పడుకున్నాను.